గది ఉష్ణోగ్రత

పుస్తకంలో గది ఉష్ణోగ్రత ఇరవై అయిదు.
ఆ గది ఎక్కడిదో రాయలేదు.
మే నెల, తిరుపతి, మూడో అంతస్తులో మా ల్యాబు.
గోడ ముట్టుకుంటే
జ్వరమొచ్చిన పిల్లాడి వీపు.

ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ అది నీళ్ళే.
సీసా వంచితే జారుతుంది, సూది సన్నంలోంచి దూరుతుంది.
ఒంట్లోకి వెళ్ళి, ఆ వెచ్చదనం తగిలాక
ఆగుతుంది.
పుండు లోపలి సొరంగం ఎంత వంకరో
అంత వంకరగా పేరుకుంటుంది,
మందుని గుప్పిట్లో పట్టుకుని
రోజుకింత వదుల్తుంది.
నెయ్యికి తెలిసిన విద్యే, తిరగేసి నేర్చుకుంది.

తెలివైన పదార్థం అంటారు మా గైడు.
ఆ మధ్యాహ్నం నాకు తెలివి కనపడలేదు.
పన్నెండుంపావుకి కరెంటు పోయింది.
థర్మాకోల్ పెట్టెలో ఐసు నీళ్ళయి, నీళ్ళు గోరువెచ్చనై,
ఒంటిగంటకి సిరంజి బిగుసుకుంది,
మంచం మీద చెంగమ్మ కాలు చాపుకుని చూస్తుండగానే.
డాక్టరు హేమాద్రి గారు నొక్కారు.
బొటనవేలి గోరు తెల్లబడింది.
చుక్క రాలేదు.

దాన్నేమనగలం?
ఒంటికీ ఊరికీ తేడా తెలియలేదు పాపం.
ముప్పై తొమ్మిది డిగ్రీల వార్డులో
చర్మం ఎక్కడ మొదలవుతుందో ఎవరు చెప్తారు?
ఊరంతా ఒకే ఒళ్ళనుకుంది,
వచ్చేశాను కదా అని
సూదిలోనే కూర్చుండిపోయింది.

చెంగమ్మది దామలచెరువు పక్క పల్లె.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పదకొండు సీజన్లు
తడి నేల మీద నిలబడింది.
క్రేటు మేకు మడమలో దిగితే
మూడు రోజులు తెలియలేదంట.
చక్కెర జబ్బు పాదం కబురు పైకి పోనివ్వదు.
"ఏంది పాపా, గెడ్డ కట్టేసిందా?
వేడి తగిల్తే బిగిసేది జున్నొకటే అనుకుంటి" అంది.
నవ్వాను.
నా థీసిస్‌లో రెండో అధ్యాయం, నలభై పేజీలు,
నవ్వు సగంలో ఆగింది.

ఆ సాయంత్రం పాళ్ళు మార్చాను,
నూటికి పద్దెనిమిది నుంచి పదహారున్నరకి.
చల్లటి నీళ్ళలో పొడి చల్లి వదిలెయ్యాలి.
తొందరపడి తిప్పితే అంతా నురగ.
మా అమ్మ సంగటి గెలికినట్టు గెలకడానికి లేదు.
రాత్రి బస్టాండు దగ్గర చెరుకు రసం బండి మస్తాన్‌ని ఐసు అడిగాను.
"ఎన్ని గ్లాసులకమ్మా?"
"ఒక కాలికి."
ఏమర్థమైందో, తూకం వెయ్యకుండా
గోనె మూట విప్పి పెద్ద గడ్డ ఇచ్చాడు.

తెల్లారి అయిదింటికి,
కొండ తన రాత్రి చల్లదనాన్ని ఇంకా కిందికి దింపుతూనే ఉంది.
హేమాద్రి గారు చొక్కా బొత్తాం తప్పు కాజాలో పెట్టుకుని వచ్చారు.
సూదిని కూడా ఐసులోనే పెట్టాం ఈసారి.
జారింది.
నేను లోపల లెక్కపెట్టాను.
ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై.
ఆయన గాజుగుడ్డ ఒత్తి చూశారు.
పొడిగా ఉంది.

"చల్లగుండాదా అవ్వా?" అన్నాను,
అనేశాక నాలుక కరుచుకున్నాను.
ఆ పాదానికి చల్లన తెలిస్తే
అసలు మేం ఇక్కడెందుకున్నట్టు?
లేవబోతూ ఆమె నా చెయ్యి పట్టుకుంది,
అప్పటిదాకా ఐసులో ఉన్న చెయ్యి.
ఉలిక్కిపడి, వదల్లేదు.
"నీ చెయ్యి చల్లగుండ" అంది.
దీవించిందో,
ఉన్నదున్నట్టు చెప్పిందో.

వారం తిరిగేసరికి ఆ జెల్ కరిగి
తను వచ్చిన దారి కూడా మిగల్చదు.
సొరంగం లోతు మూడు సెంటీమీటర్లది
రెండూ చిల్లరకి వచ్చింది. ఇప్పటికంతే.
ఇంకో రెండు సూదులున్నాయి, మే నెల ఇంకా ఉంది.

రికార్డులో గది ఉష్ణోగ్రత అన్న గడిలో
ఇరవై అయిదు కొట్టేసి
ఏ గది? అని పెన్సిల్‌తో రాశాను.
గైడు చూశారు.
రబ్బరుందా అని అడిగారు.
వెతుకుతున్నానండీ, అన్నాను.